పిల్లల బట్టల బ్రాండ్‌కు ప్రింటెడ్ కాటన్ లేబుల్ మంచిదా, శాటిన్ మంచిదా?

మీరు అడిగింది ఇదీ: తిరుపతిలో ఐదేళ్లలోపు పిల్లల కోసం కాటన్ బట్టల బ్రాండ్ మొదలుపెడుతున్నారు. పావడా జాకెట్లు, చొక్కాలు, చిన్న పంచె కండువా సెట్లు. మొదటి విడతలో మూడు వందల పీసులు. మెడ దగ్గర ప్రింటెడ్ కాటన్ లేబుల్ వేయాలా, శాటినా, లేక నేసిన లేబులా? పేరు, సైజు, ఉతికే పద్ధతి అన్నీ ఒకేదాని మీద పెట్టొచ్చా? బ్రాండ్ పేరు తెలుగులో వేయొచ్చా అని కూడా చివర్లో అడిగారు. దానికి విడిగా రాస్తాను, ఎందుకంటే చాలామందికి డబ్బు పోయేది అక్కడే.

ముందు సూటిగా జవాబు. మెడ దగ్గర బ్రాండ్ పేరుకు, సైజుకు ప్రింటెడ్ కాటన్ లేబులే వేయండి. ఉతికే సూచనలు, గుడ్డ వివరాలు దాని మీద ఇరికించకండి. వాటికి సన్నటి శాటిన్ లేబుల్ వేరుగా చేయించి పక్క కుట్టులో పెట్టండి. రెండిటిలో దేనికైనా ఆర్డర్ ఇచ్చే ముందు మీ గుడ్డ మీదే కుట్టి, మీ ఇంట్లోనే ఉతికి చూడండి. మొదటి విడతకు ఇంతకన్నా ఖరీదైన ఏర్పాటు అక్కర్లేదు.

నాది తిరుపతిలో చిన్న కుట్టు యూనిట్. సొంత సరుకు కొద్దిగా, మిగతాదంతా చిన్న బ్రాండ్లకు జాబ్ వర్క్. మా దగ్గరకు వచ్చేవాళ్లు గుడ్డ గురించి, గుండీల గురించి ఎంతో ఆలోచించి వస్తారు. లేబుల్ మాత్రం "తర్వాత చూద్దాంలేండి" అంటారు. మెడ లేబుల్ మెడ పట్టీతో పాటే కుట్టులోకి పోవాలి. గుడ్డ కత్తిరించాక లేబుల్ రాలేదంటే మిషన్లు ఆగిపోతాయి, లేదా పీసు పూర్తయ్యాక పైనుంచి నాలుగు వైపులా కుట్టాలి. అలా కుట్టినవి వెనక నుంచి చూస్తే కుట్టు గీతలు బయటికి కనిపిస్తాయి. కాబట్టి గుడ్డ కొన్న వారమే లేబుల్ పని కూడా మొదలుపెట్టండి.

ఇక కాటనే ఎందుకు అంటున్నానో చెప్తాను. బజార్లో దొరికే శాటిన్ లేబుళ్లు దాదాపు అన్నీ పాలిస్టరే. వాటిని వేడి బ్లేడుతో కోస్తారు. కోసిన చోట దారం కరిగి సన్నటి గట్టి గీతలా ఆరుతుంది. వేలు పెట్టి తడమండి, మూలలు గుచ్చుకోవడం మీకే తెలుస్తుంది. నేసిన లేబుళ్లలో డమాస్క్ అనే మెత్తటి రకం ఉంది. అదీ ఎక్కువగా పాలిస్టర్ దారమే, పైగా వెనకవైపు తేలే దారాలు చర్మాన్ని రాస్తాయి. పెద్దవాళ్లు ఓర్చుకుంటారు, లేదా కత్తెరతో తీసేస్తారు. రెండేళ్ల పిల్ల ఏం చేస్తుంది? ఏడుస్తుంది, జాకెట్ విప్పెయ్యమంటుంది. ఎందుకో తల్లికి అర్థం కాదు, ఆ జాకెట్ మళ్లీ తొడగదు.

మన ఊరికి వచ్చే పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. కల్యాణకట్టలో పుట్టు వెంట్రుకలు ఇచ్చి, స్నానం చేయించి, కొత్త బట్టలు వేస్తారు. అప్పటిదాకా జుట్టు కప్పి ఉంచిన మెడ వెనక భాగానికి అప్పుడే కత్తి తగిలి ఉంటుంది. దాని మీద గంధం, ఎండ, చెమట. మన లేబుల్ ఆనేది సరిగ్గా అక్కడే. మీ పంచె సెట్లు కొనేవాళ్లలో ఇలాంటి కుటుంబాలు తప్పకుండా ఉంటాయి. కాబట్టి మీ బ్రాండ్‌కు లేబుల్ మెత్తదనమే మొదటి లెక్క, అందం ఆ తర్వాత. ఇంకో చిన్న సంగతి: గంధం మెడ మీదికి జారి లేబుల్‌కు అంటుతుంది. తెల్లగా బ్లీచ్ చేసిన టేపు మీద ఆ మరక పచ్చగా నిలిచిపోతుంది. కోరా రంగు టేపు మీద అంతగా తెలియదు. కాటన్ తీసుకుంటే కోరానే తీసుకోండి.

టేపు చూసి మోసపోకండి. కాటన్ టేపు పేరుతో రెండు రకాల సరుకు అమ్ముతారు. ఒకటి, కావలసిన వెడల్పుకే నేసిన టేపు. రెండు వైపులా నేతలోనే అంచు ఉంటుంది, దారాలు లేవవు. రెండోది, పెద్ద పన్నా గుడ్డకు గంజి లాంటి పూత పట్టించి, దాని మీద ప్రింట్ వేసి, పట్టీలుగా కోసింది. శాంపిల్‌గా చేతిలో పెడితే ఈ రెండోదే బాగున్నట్టు అనిపిస్తుంది. నున్నగా, నిటారుగా ఉంటుంది, అక్షరం కూడా స్ఫుటంగా పడుతుంది. కొన్ని ఉతుకుల్లో పూత కరిగిపోతుంది. అప్పుడు లేబుల్ వేలాడిపోతుంది, కోసిన వైపుల నుంచి దారాలు బయటికొస్తాయి. పాలిస్టర్‌లా కాటన్ కరగదు కాబట్టి వేడి బ్లేడుతో కోసినా అంచు మూసుకోదు. అందుకే శాంపిల్ రాగానే ప్రింట్ సంగతి చూడకముందే, ప్రింట్ లేని టేపు ఒక జానెడు అడిగి తెప్పించుకోండి. వేడి నీళ్లలో సబ్బుతో బాగా నలిపి ఆరేయండి. ఆరాక ఎలా ఉందో అదే మీ లేబుల్ అసలు రూపం.

తర్వాత ఇంకు. నీళ్లతో కలిపే పిగ్మెంట్ ఇంకు గుడ్డ దారాల్లోకి కొంత ఇంకుతుంది, తడిమితే పెద్దగా తెలియదు. ప్లాస్టిసాల్ ఇంకు గుడ్డ మీద పొరలా కూర్చుంటుంది. నల్లగా, మెరుస్తూ, చూడ్డానికి గట్టిగా ఉంటుంది. మామూలుగా అందులో ఉండేది పీవీసీ అనే ప్లాస్టిక్. పిల్లల మెడ దగ్గర అది నాకు ఇష్టం లేదు. పొర మందంగా పడితే మడతల దగ్గర పగులుతుంది కూడా. ఇస్త్రీపెట్టె నేరుగా తగిలితే అంటుకుంటుంది. మీకు పిగ్మెంట్ ఇంకు చాలు. రియాక్టివ్ రంగుతో వేసే ప్రింట్ కాటన్‌తో రసాయనికంగా కలిసిపోతుంది, అన్నిటికన్నా మెత్తగా ఉంటుంది. కానీ ఆవిరి పట్టడం, కడగడం అంటూ పనులు ఎక్కువ, చిన్న ఆర్డర్‌కు ఎవరూ చేయరు.

పిగ్మెంట్ ఇంకు నిలబడేది క్యూరింగ్ మీద. ప్రింట్ వేశాక సుమారు 150, 160 డిగ్రీల వేడి కాసేపు తగలాలి. ఎన్ని నిమిషాలన్నది ఇంకు తయారీదారు చెప్పిన లెక్క. ఆ వేడికే ఇంకులోని బైండర్ గట్టిపడి రంగును దారానికి పట్టి ఉంచుతుంది. పనివాడు తొందరపడి ఫ్యాన్ గాలికి ఆరబెట్టి చుట్టేస్తే, కొత్తలో ఏ తేడా కనిపించదు. మూడు ఉతుకులయ్యాక నలుపు బూడిదవుతుంది. దీన్ని కనిపెట్టడానికి ఓ పద్ధతి ఉంది. తెల్లటి పాత పంచె ముక్క తడిపి, చూపుడు వేలికి చుట్టి, అక్షరాల మీద గట్టిగా పదిసార్లు రుద్దండి. ముక్కకు నలుపు అంటితే వెనక్కి పంపేయండి. ల్యాబుల్లో చేసే రుద్దుడు పరీక్ష (అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 105 ఎక్స్12) ఇదే పనిని యంత్రంతో, పొడిగానూ తడిగానూ చేస్తుంది. ఉతుకు పరీక్షకు 105 సీ06 వాడతారు. ఫలితాన్ని 1 నుంచి 5 దాకా గ్రేడ్‌గా ఇస్తారు, 5 అంటే రంగు కదల్లేదని. పెద్ద దుకాణాలకు సరుకు ఇచ్చే రోజు వస్తే ఆ రిపోర్టు అడుగుతారు. చెన్నైలో, తిరుప్పూరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ టెక్స్‌టైల్స్ కమిటీ ల్యాబులు ఉన్నాయి. మూడు వందల పీసులకు మాత్రం పంచె ముక్క చాలు.

లేబుల్ కూడా ముడుచుకుంటుంది. ఈ సంగతి చాలామందికి తట్టదు. ముందే తడిపి ఆరబెట్టని కాటన్ టేపు మొదటి ఉతుకులోనే నూటికి ఐదు పాళ్లు ముడుచుకోవచ్చు. మీ జాకెట్ గుడ్డను ముందే నీళ్లలో వేసి తీశారనుకుందాం, అది ఇక రెండు పాళ్లే ముడుచుకుంటుంది. ఐదు సెంటీమీటర్ల లేబుల్ రెండున్నర మిల్లీమీటర్లు తగ్గితే, దాని కింది గుడ్డ ఒక్క మిల్లీమీటరే తగ్గుతుంది. ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ తేడా జాకెట్ వీపు మీద చిన్న కుచ్చులా పైకి లేస్తుంది. ఇస్త్రీ చేసినా పోదు. పైగా కొన్నవాళ్లు దాన్ని లేబుల్ తప్పు అనుకోరు, మీ కుట్టు బాగాలేదంటారు. మందు రెండు రకాలు: టేపును ప్రింట్‌కు ముందే తడిపి ఆరబెట్టమని చెప్పడం, లేదా లేబుల్‌ని పై అంచు ఒక్కటే కుట్టులోకి వచ్చేలా పెట్టడం. నేను రెండూ చేస్తాను.

ఈ లెక్కతోనే ఫోల్డ్ సంగతి కూడా తేలిపోతుంది. ఎండ్ ఫోల్డ్ అంటే రెండు చివరలూ లోపలికి మడిచి ఎడమా కుడీ కుట్టేది. సెంటర్ ఫోల్డ్ అంటే మధ్యకు మడిచి, రెండు చివరలనూ కలిపి మెడ కుట్టులోకి పంపేది. పిల్లల బట్టలకు సెంటర్ ఫోల్డ్ తీసుకోండి. కోసిన చివరలు రెండూ కుట్టులో దాక్కుంటాయి, దారాలు లేచే చోటే ఉండదు, కింద మడత వైపు మెత్తగా ఉంటుంది, ముడుచుకున్నా గుడ్డను లాగదు. వెనక మడత మీద సైజు వేయొచ్చు. కొలత చెప్పేటప్పుడు పూర్తయ్యాక ఎంత కనబడాలో, కోసినప్పుడు ఎంత ఉండాలో రెండూ చెప్పండి. మీకు 20 మిల్లీమీటర్లు కిందికి కనబడాలంటే, మడతకు రెండింతలు 40, పై కుట్టుకు ఒక్కోవైపు 6 చొప్పున 12, మొత్తం 52 మిల్లీమీటర్ల ముక్క కావాలి. వెడల్పు 25 చాలు. ఐదేళ్లలోపు పిల్లల మెడకు 40, 50 వెడల్పు లేబుల్ వేస్తే అది మెడంతా ఆక్రమిస్తుంది. సంవత్సరం లోపు పాపలకైతే ఇంకా చిన్నది చేయించండి, లేదా మెడలో అసలు పెట్టకుండా పక్క కుట్టులోకి మార్చండి.

కుట్టే దారం గురించి ఒక్క మాట. లేబుల్ కుట్టడానికి కొందరు పారదర్శకంగా ఉండే నైలాన్ దారం వాడతారు, ఏ రంగు మీదైనా కనబడదని. కత్తిరించిన చివర సూదిలా నిలబడుతుంది. మెత్తటి కాటన్ లేబుల్ వేసి ఆ దారంతో కుడితే చేసినదంతా వృథా. కోరా రంగు కాటన్ దారమో, మెత్తటి స్పన్ దారమో వాడమని మీ టైలర్‌కు గట్టిగా చెప్పండి.

ఇప్పుడు తెలుగు అక్షరాలు. తప్పకుండా వేయండి. మన పిల్లల బట్టల మీద మన లిపి ఉంటే నాకు ఎంత ఆనందమో. కానీ ఇంగ్లీషు అక్షరానికి సరిపోయిన సైజు తెలుగుకు చాలదు. మనకు పైన తలకట్లు, గుడులు, కింద ఒత్తులు. ఒకే వరుసకు మూడంతస్తుల చోటు కావాలి. ట్విల్ టేపులో ఏటవాలు గీతలు ఉంటాయి, సన్నటి గీత ఆ సందుల్లో పడితే తెగిపోతుంది, దగ్గరగా ఉన్న రెండు గీతల మధ్య ఇంకు పాకితే కలిసిపోతాయి. "చిట్టి" అన్న మాటలో కింది ట ఒత్తు నల్లటి చుక్కలా మిగిలిన లేబుళ్లు నేను చాలా చూశాను. "ముత్యం"లో య ఒత్తు తోక ఊడిపోతే చదివేవాడికి మాటే మారిపోతుంది. ఇంగ్లీషు 8 పాయింట్లకు దించకండి, తెలుగు 12 కన్నా తగ్గించకండి. పేరులో ఒత్తులు ఉంటే 14. గీత మందం అంతా ఒకేలా ఉండే ఫాంటు తీసుకోండి. కలంతో రాసినట్టు సన్నగా మొదలై లావుగా తేలే ఫాంట్లు కాగితం మీద అందంగా ఉంటాయి, టేపు మీద సన్న భాగం మాయమవుతుంది.

దీనికన్నా పెద్ద చిక్కు ఫైలుతో వస్తుంది. మన దగ్గర డీటీపీ వాళ్లు చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో కొడతారు. ఆ ఫైలు తెరిచే చోట ఆ ఫాంటు లేకపోతే అక్షరాల బదులు ఏవో పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో కొట్టినా, ప్రింటర్ వాడే సాఫ్ట్‌వేర్ పాతదైతే ఒత్తు విడిపోయి పక్కన పడుతుంది. లేబుల్ పని ఎక్కువగా పోయేది తమిళనాడుకు. అక్కడ ప్రింట్ చేసే కుర్రాడికి తెలుగు రాదు, అది తప్పని అతనికి తెలియదు. మా దగ్గర కుట్టించుకునే ఒకావిడకు ఒత్తులు విడిపోయిన లేబుళ్లు కట్టలు కట్టలుగా వచ్చాయి. "మీరు పంపిందే వేశాం" అన్నారు ప్రింటర్ వాళ్లు. వాళ్లు ఒక్క లేబులూ వెనక్కి తీసుకోలేదు. కాబట్టి కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలన్నిటినీ కర్వ్స్‌లోకి మార్చాకే ఫైలు పంపండి. అప్పుడు అవి అక్షరాలుగా కాక బొమ్మలుగా పోతాయి, ఏ కంప్యూటర్‌లో తెరిచినా మారవు. ఫైలుతో పాటు అసలు ఎలా ఉండాలో ఒక ఫొటో పంపండి. టేపు మీద వేసిన ప్రూఫ్ ముక్క చేతికొచ్చి, మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఆ పేరును తడుముకోకుండా చదివాకే సరే అని చెప్పండి.

రంగు దిగే గుడ్డల సంగతి. కాటన్ లేబుల్ కాటన్ గుడ్డలాగే రంగు పీల్చుకుంటుంది. ఎరుపు, ముదురు నీలం, నలుపు గుడ్డల మిగులు రంగు మొదటి ఉతుకులో మీ కోరా లేబుల్‌కు పడుతుంది. పాలిస్టర్ శాటిన్‌కు ఈ బాధ తక్కువ. నగరి, పుత్తూరు మరమగ్గాల గుడ్డ తీసుకున్నా, ఇంకెక్కడి గుడ్డ తీసుకున్నా, ముదురు రంగయితే కుట్టకముందే ఒకసారి ఉప్పు లేని మంచి నీళ్లలో జాడించండి. శ్రీకాళహస్తి వైపు నుంచి కలంకారీ దుపట్టాలు చేసే ఒకావిడ మా దగ్గర అంచులు కుట్టించుకుంటారు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కలంతో వేసే పని, పటికతో తెచ్చే ఎరుపు, ఆ తర్వాత ఎన్నో కడుగులు. ఆవిడ కడుగులన్నీ పూర్తయ్యాక చివరి రోజునే లేబుల్ కుట్టిస్తారు. దాంతో లేబుల్ ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. ఆవిడ లేబుల్ మీద ఊరి పేరు ధైర్యంగా ఉంటుంది. మీరు ఎప్పుడైనా స్క్రీన్ ప్రింట్ వేసిన కలంకారీ డిజైన్ గుడ్డ వాడితే మాత్రం లేబుల్ మీద శ్రీకాళహస్తి కలంకారీ అని వేయకండి. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది చేత్తో కలం పట్టి వేసిన పనికే చెందుతుంది.

అదే కోవలో ఇంకొన్ని జాగ్రత్తలు. వలయంలో ఆర్ గుర్తు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయ్యాకే వేయాలి. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 107వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాకుండా అయినట్టు చూపడం చట్టవిరుద్ధం. దరఖాస్తు పెట్టినవాళ్లు టీఎం అని వేసుకోవచ్చు. బట్టలకు మీరు దరఖాస్తు చేసేది 25వ క్లాసులో. వేల లేబుళ్లు కొట్టించక ముందే ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారా అని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకండి, వెతకడానికి డబ్బు అక్కర్లేదు. ఆర్గానిక్ అన్న మాట కూడా సర్టిఫికెట్ లేకుండా వద్దు. ఆర్గానిక్ బట్టలకు ఉన్న గాట్స్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఆ మాట నేరుగా వాడాలంటే నూలులో కనీసం 95 శాతం సర్టిఫైడ్ ఆర్గానిక్ ఉండాలి, లేబుల్ మీద సర్టిఫై చేసిన సంస్థ వివరం కూడా ఉండాలి. చేనేత గుడ్డలకు ప్రభుత్వం 2006లో తెచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ కూడా రిజిస్టర్ చేసుకున్నవాళ్లకే. ఇంటర్నెట్‌లో బొమ్మ దొరికింది కదా అని వేయకూడదు.

చట్టప్రకారం ఏమేం ఉండాలి? 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌ను 2022లో సవరించి, ప్యాక్ చేయకుండా విడిగా అమ్మే బట్టలకు జాబితాను తగ్గించారు. అయినా తయారీదారు లేదా బ్రాండ్ యజమాని పేరు, చిరునామా, కొన్నవాళ్లు సంప్రదించడానికి ఫోన్ నంబరు, ఈమెయిల్, సైజును ఎస్, ఎం, ఎల్ లాంటి గుర్తులతో పాటు సెంటీమీటర్లలో, అన్ని పన్నులూ కలిపిన ఎమ్మార్పీ ఉండాల్సిందే. కవర్లో ప్యాక్ చేసి అమ్మితే నెల, సంవత్సరం, ఎన్ని పీసులు లాంటివీ చేరతాయి. ఇవేవీ మెడ లేబుల్ మీద పెట్టకండి. ధర మారుతుంది, ఫోన్ నంబరు మారుతుంది. వాటికి వేలాడే అట్ట ట్యాగు ఉంది. కుట్టిన లేబుల్ మీద బట్ట ఉన్నంతకాలం మారనివే ఉండాలి.

ఉతికే సూచనల శాటిన్ లేబుల్ ఎడమ పక్క కుట్టులో, కింది అంచుకు కాస్త పైన పెట్టండి. తొట్టి, త్రిభుజం, చదరం, ఇస్త్రీపెట్టె, వలయం, ఇవే ఐదు గుర్తులు, ఇదే వరుసలో. ఇవి ఐఎస్‌ఓ 3758లో ఉన్నవి. తొట్టి ఉతకడానికి, త్రిభుజం బ్లీచింగ్‌కు, చదరం ఆరబెట్టడానికి, వలయం డ్రైక్లీనింగ్‌కు. గుర్తులు మన ఇళ్లల్లో చాలామందికి తెలియవు కాబట్టి పక్కనే తెలుగులో రెండు ముక్కలు రాయండి: "చల్లటి నీళ్లలో విడిగా ఉతకండి. నీడలో ఆరేయండి." శాటిన్ నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ చిన్న అక్షరాలు కూడా నిలుస్తాయి. గుడ్డ నూరు శాతం కాటన్ అయితే అదీ ఇక్కడే. శాటిన్ మూలలు ఇక్కడా గుచ్చుకుంటాయి కదా అంటారేమో. దీన్ని కూడా మధ్యకు మడిచి కోసిన వైపును కుట్టులో దాచేస్తే గుచ్చుకునే అంచు మిగలదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అమ్మే ఆలోచన ఉంటే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: అక్కడి నియమం ప్రకారం ఏ దేశంలో తయారైందన్నది మెడ లోపల, రెండు భుజాల కుట్టుల నడుమ కనబడాలి. అప్పుడు మీ కాటన్ లేబుల్ వెనక మడతలో ఒక వరుస దానికి వదలండి.

ఎక్కడ చేయించాలి అంటే, మన ఊళ్లో టీషర్టుల మీద స్క్రీన్ ప్రింట్ వేసేవాళ్లు అడిగితే టేపు మీద కూడా వేస్తారు. వందా రెండు వందలకు అదే నయం. అయితే వాళ్ల దగ్గర చాలాచోట్ల ఉండేది ప్లాస్టిసాల్, అది ముందే అడగండి. నేసిన టేపు, సరైన క్యూరింగ్, ఫోల్డింగ్ అన్నీ ఒక్కచోట కావాలంటే తిరుప్పూరు. బనియన్ పరిశ్రమకు పెద్ద కేంద్రం అది కాబట్టి లేబుల్ పనివాళ్లూ అక్కడ ఎక్కువ. వాళ్లు సాధారణంగా వెయ్యికి తక్కువ తీసుకోరు.

వెయ్యి అంటే భయపడకండి, కానీ ఎక్కువ తీసుకుంటే చవక అన్న మాటకు లొంగిపోకండి కూడా. స్క్రీన్, అంటే ప్రింట్ వేసే అచ్చు, చేసే ఖర్చు ఐదు వందల లేబుళ్లకైనా ఐదు వేలకైనా ఒక్కటే. లెక్క కోసం స్క్రీన్‌కు 800, ఒక్కో లేబుల్‌కు రూపాయిన్నర అనుకోండి. ఐదు వందలు తీసుకుంటే ఒక్కోటి 3 రూపాయల 10 పైసలు పడుతుంది, ఐదు వేలు తీసుకుంటే 1 రూపాయి 66 పైసలు. సగానికి సగం తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ మొదటిదానికి మీ జేబులోంచి పోయేది 1,550, రెండోదానికి 8,300. మొదటి విడత తర్వాత బ్రాండ్ పేరు అక్షరాల తీరు మార్చుకోని వాళ్లు నాకు తెలిసి తక్కువ. మూడు వందల పీసులకు వెయ్యి లేబుళ్లు తీసుకోండి, అంతే. సైజును పేరుతో కలిపి ప్రింట్ చేయించకండి. కలిపితే ప్రతి సైజుకూ విడి ఆర్డర్ అవుతుంది, రెండేళ్ల సైజు అయిపోయి ఐదేళ్ల సైజు లేబుళ్లు మిగిలిపోతాయి. పేరు ఒక్కటే వేయించండి. సైజుకు చిన్న చదరపు టేపు ముక్కలు వేరుగా చేయించి, అదే కుట్టులో పక్కన పెట్టండి. ఇందాక వెనక మడత మీద సైజు వేయొచ్చన్నది అమ్మకాలు కుదురుకున్నాక చేసుకోవచ్చు.

ఆర్డర్ చెప్పేటప్పుడు మాటల్లో వదలకుండా వాట్సాప్‌లో ఒకే మెసేజ్‌గా పంపండి: నేసిన అంచుల కోరా కాటన్ టేపు, తడిపి ఆరబెట్టింది, వెడల్పు 25, కోత 52, మధ్య మడత, నీళ్ల పిగ్మెంట్ ఇంకు, నలుపు ఒక్క రంగు, వేడితో క్యూరింగ్, ప్రూఫ్ ముక్క చూశాకే మిగతాది. పేచీ వస్తే చూపించడానికి అదొక్కటే ఆధారం.

కాటన్ లేబుల్ వద్దనే చోట్లు కూడా ఉన్నాయి. హోటళ్లు, ఆసుపత్రుల యూనిఫాంలు లాండ్రీలో వేడి నీళ్లతో, బ్లీచ్‌తో మళ్లీ మళ్లీ ఉతుకుతారు. వాటికి నేసిన లేబుల్ బాగా నిలుస్తుంది, ఎందుకంటే అక్షరం దారంలోనే ఉంటుంది. పట్టు పావడాలకు కోరా కాటన్ పట్టీ మొరటుగా కనిపిస్తుంది, మెత్తటి డమాస్క్ నేత లేబుల్‌ను లైనింగ్ వైపు కుట్టండి. పాలిస్టర్ గుడ్డ పెద్దగా ముడుచుకోదు, దాని మీద కాటన్ లేబుల్‌ను చుట్టూ కుడితే కుచ్చు పెడుతుంది.

మీ పావడా జాకెట్ల గుడ్డకు లైనింగ్ ఉందో లేదో మీరు రాయలేదు. మల్మల్ లాంటి పలచటి గుడ్డ అయి లైనింగ్ లేకపోతే, వీపు వైపు నుంచి లేబుల్ నీడ, దాని మీది నల్ల అక్షరాలు కూడా బయటికి కనబడతాయి. అలాంటప్పుడు మెడ వెనక లోపలివైపు అదే గుడ్డతో అర్ధచంద్రాకారంలో ఒక పట్టీ వేయించి, దాని మీద లేబుల్ కుట్టించండి. లేదంటే నలుపు మాని లేత గోధుమ రంగు ఇంకు తీసుకోండి. గుడ్డ ఏదో, లోపల ఏముందో చెప్తూ ఒక ఫొటో పెట్టండి. రెండిట్లో ఏది నప్పుతుందో చూసి చెప్తాను.